చంద్రుడితో మొదలుపెట్టి నెప్ట్యూన్ దాకా



సౌర కుటుంబాన్ని పాఠ్యపుస్తకాలు సూర్యుడి దగ్గర మొదలుపెట్టి బుధుడు, శుక్రుడు, భూమి అంటూ వరసగా చెబుతాయి. ఆకాశాన్ని కళ్లారా చూసి నేర్చుకోదలచినవారికి ఆ వరస అంతగా పనికిరాదు. వారు మొదలుపెట్టాల్సింది చంద్రుడితో. అంకెలు బట్టీపట్టడం తర్వాతి సంగతి. ముందు ఒక నెలపాటు రోజూ ఒకే వేళకు చంద్రుణ్ణి చూసి, ఎక్కడున్నాడో, ఎంత వెలిగాడో నోటుపుస్తకంలో గీసుకోవాలి.

చంద్రుడు భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. వ్యాసం 3,474 కిలోమీటర్లు. అమావాస్య వెళ్లాక విదియ, తదియల్లో సూర్యాస్తమయం కాగానే పడమట సన్నని నెలవంక కనబడుతుంది. మర్నాడు అదే వేళకు చూస్తే దాదాపు 12 డిగ్రీలు తూర్పుకు జరిగి ఉంటుంది. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. 30 తిథులకు 360 డిగ్రీలు నిండి, సుమారు 29.5 రోజుల చాంద్రమాసం పూర్తవుతుంది. పంచాంగంలోని తిథిని ఇలా ఆకాశంలో కొలిచి చూసినవారికి అది ఇక ఎన్నటికీ మరుపురాదు.

చంద్రకళలు భూమి నీడ వల్ల ఏర్పడతాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చంద్రుడిలో సగం ఎప్పుడూ సూర్యకాంతిలోనే ఉంటుంది. ఆ వెలిగిన సగంలో భూమి మీదివారికి కనిపించే భాగమే రోజురోజుకూ మారుతుంది. భూమి నీడ పడేది చంద్రగ్రహణం నాడు మాత్రమే. చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల ప్రతి పౌర్ణమికీ గ్రహణం పట్టదు. భూకక్ష్య తలాన్ని చంద్రుడి దారి దాటే రెండు బిందువులే రాహుకేతువులు. నవగ్రహాల్లో చేరినా అవి గోళాలు కావు, గణితంలో తేలే స్థానాలు. గ్రహణం ఎప్పుడు పడుతుందో లెక్కగట్టడానికి ఆ బిందువులు తప్పనిసరి.

తన చుట్టూ తాను తిరగడానికీ, భూమిని చుట్టిరావడానికీ చంద్రుడికి ఒకే కాలం, 27.3 రోజులు పడుతుంది. అందుకే మనవైపు ఎప్పుడూ ఒకే ముఖం ఉంటుంది. అవతలి ముఖాన్ని మనుషులు తొలిసారి చూసింది 1959లో, సోవియట్ నౌక లూనా-3 పంపిన ఫొటోల్లో. కుందేలుగా చెప్పుకునే నల్లని మచ్చలు పూర్వం లావా పారి గడ్డకట్టిన మైదానాలు. తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2008లో బయల్దేరిన చంద్రయాన్-1 అక్కడి నేలలో నీటి జాడలు పట్టింది. అక్కడి నుంచే వెళ్లిన చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువానికి దగ్గరలో దిగింది.

చంద్రుడు నడిచే దారి తెలిస్తే గ్రహాలు సులువుగా దొరుకుతాయి. గ్రహాల కక్ష్యలన్నీ దాదాపు ఒకే తలంలో ఉండడం వల్ల అవి కూడా ఆ దారిలోనే, ఆ రాశుల మీదుగానే కదులుతాయి. నక్షత్రాల్లా అంతగా మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతాయి. టెలిస్కోపు లేకుండా సులువుగా కనబడేవి అయిదు.

అన్నిటికన్నా ప్రకాశమైనది శుక్రుడు. కొన్ని నెలలు వేగుచుక్కగా తూర్పున, కొన్ని నెలలు సందెచుక్కగా పడమట కనిపిస్తాడు. భూకక్ష్యకు లోపల తిరుగుతాడు కాబట్టి మన ఆకాశంలో నడిరాత్రి నడినెత్తిన ఎప్పుడూ ఉండడు. చూపుకు ఎంత అందమో, నేల అంత భయంకరం. దట్టమైన కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటికి పోనివ్వక అక్కడ ఉష్ణోగ్రత 460 డిగ్రీలు దాటుతుంది. బుధుడు సూర్యుడికి ఇంకా దగ్గర. అయినా వేడిలో శుక్రుడి తర్వాతే, ఎందుకంటే వేడిని పట్టి ఉంచే వాతావరణం అతనికి లేదు. సంధ్యకాంతిలో కొద్దిసేపే కనబడతాడు. అతనికోసం వెతికేవారు సూర్యుడు పూర్తిగా అస్తమించకముందు బైనాక్యులర్లను అటు తిప్పకూడదు. కళ్లు పోతాయి.

అంగారకుడి ఎరుపు నేలలోని ఇనుప తుప్పుది. అక్కడి రోజు మన రోజుకన్నా సుమారు 40 నిమిషాలే ఎక్కువ, ఏడాది మాత్రం 687 రోజులు. దాదాపు 26 నెలలకోసారి భూమికి దగ్గరై బాగా వెలుగుతాడు. 2013 నవంబరులో ప్రయోగించిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అతని కక్ష్యలోకి చేరింది.

తెలుగువారి కాలగణనలో ఎక్కువగా పెనవేసుకున్న గ్రహం బృహస్పతి. సూర్యుణ్ణి చుట్టిరావడానికి 11.86 ఏళ్లు, అంటే ఒక్కో రాశిలో ఇంచుమించు ఒక ఏడాది. సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు పుష్కరాలు. 2015లో రాజమహేంద్రవరంలో, 2016లో విజయవాడలో లక్షల మంది స్నానాలు చేసింది ఈ గ్రహగతిని బట్టే. ప్రభవ నుంచి అక్షయ దాకా సాగే 60 ఏళ్ల చక్రం కూడా బృహస్పతి అయిదు చుట్లకు, శని రెండు చుట్లకు దగ్గరగా సరిపోతుంది.

మిగతా గ్రహాలన్నీ కలిపినా బృహస్పతి ద్రవ్యరాశిలో సగం రావు. ఖరీదైన పరికరం కొనేముందు మామూలు బైనాక్యులర్లను గోడకు ఆన్చి ఈ గ్రహాన్ని చూడాలి. పక్కన ఒకే వరసలో సన్నని చుక్కలు కనబడతాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు చంద్రులు అవే: అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో. అన్నీ భూమి చుట్టే తిరుగుతాయన్న నమ్మకానికి అక్కడ గట్టి దెబ్బ తగిలింది. అయో గ్రహణాలు అనుకున్న వేళకు పడకపోవడం గమనించిన రోమర్, 1676లో కాంతి ప్రయాణానికీ సమయం పడుతుందని తేల్చాడు. ఈ చుక్కల చోటు మారడాన్ని వారం రోజులు వరసగా గీసుకోవడం ప్రతి విద్యార్థీ చేయదగ్గ పని.

శని వలయాలకు మాత్రం చిన్న టెలిస్కోపు కావాలి. 2,70,000 కిలోమీటర్లకు పైగా వెడల్పున్న ఈ మంచుముక్కల పళ్లెం మందం చాలాచోట్ల కొన్ని పదుల మీటర్లే. అందుకే 2025లోలా అంచు మనవైపు తిరిగినప్పుడు దాదాపు మాయమవుతుంది. శని చందమామల్లో పెద్దదైన టైటాన్ మీద 2005 జనవరిలో హైగెన్స్ నౌక దిగింది. అక్కడ మీథేన్ వానలు, సరస్సులు ఉన్నాయి.

యురేనస్‌ను 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. ఈ గ్రహం ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంది. దీనికీ వలయాలున్నాయని 1977లో ఒక నక్షత్రాన్ని అది కప్పేసినప్పుడు తెలిసింది. ఆ రాత్రి తమిళనాడులోని కావలూరు వేధశాల కూడా ఆ ఘట్టాన్ని పరిశీలించింది. దాన్ని నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవాడు. యురేనస్ దారి తప్పుతున్న తీరు నుంచి లవెరియే మరో గ్రహం చోటును కాగితం మీద లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె అక్కడికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్‌ను చూశాడు. ఈ రెండిటి దగ్గరికీ ఇంతవరకు వెళ్లిన నౌక వాయేజర్-2 ఒక్కటే. 1930లో దొరికిన ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల్లో చేర్చడంతో గ్రహాలు ఎనిమిదయ్యాయి.