టోబీయా గది
వాక్యభాగము: నెహెమ్యా 5:14-18, 13:4-9

సర్కారు సొమ్ము మేడలకును ఊరేగింపులకును పోవుచున్నదనియు, కంట్రాక్టులు బావమరదులకే దక్కుచున్నవనియు రచ్చబండయొద్ద వాపోవుచుందుము. అది న్యాయమైన బాధయే. బోరింగు చెడినందున కడవతో పొలములు దాటిపోవు స్త్రీకి అది తెలియును.

నెహెమ్యా యూదాదేశమున 12 సంవత్సరములు అధికారి. అతని ముందటివారు ప్రజలయొద్ద భోజనపదార్థములే గాక 40 తులముల వెండియు పుచ్చుకొనిరి. వారి పనివారును జనులపై పెత్తనము చేసిరి. (దొరకంటె బంట్రోతుకు బిగువెక్కువ!) నెహెమ్యా బల్లయొద్ద 150 మంది యూదులు భుజించుచుండిరి. అయినను అతడు తన భత్యము అడుగలేదు, భూమి కొనలేదు. హక్కు లేక కాదు. జనుల భారము ఎరిగియే.

13వ అధ్యాయము మనకు చేదు. ప్రాకారము కట్టనీయక అడ్డుపడిన టోబీయాకు యాజకుడైన ఎల్యాషీబు బంధువాయెను. అర్పణలుంచు ఆలయపు గదిని అతనికిచ్చెను. నెహెమ్యా తిరిగివచ్చి ఆ సామానంతయు బయట పారవేసెను.

గ్రామసభలో లెక్క అడుగుడి. 2005 సమాచార హక్కు చట్టము ప్రకారము అర్జీకి 30 దినములలో జవాబియ్యవలెను. అయితే మన కోత పండుగ కానుకల లెక్క సంఘమెదుట చదివి ఎన్నాళ్లాయెను? గుడి మరమ్మతు ఎవరి అల్లునికిచ్చితిమి? వచ్చు ఆదివారము ఆరాధన కాగానే ఆ పుస్తకము బల్లమీద పెట్టెదను. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించుడి.