వీధి తలుపు: ఎంపిక, సంరక్షణ

వీధి తలుపు చేయించేటప్పుడు మనం టేకు ధర అడుగుతాం, చెక్కడాలు చూస్తాం. అంతకన్నా ముందు చూడవలసినవి రెండు: చేవ, ఆరుదల. చెట్టు నడిమి భాగం చేవ. అది ముదురు రంగులో ఉంటుంది. బెరడును ఆనుకున్న తెల్లటి చెక్క టేకుదైనా సరే, చెదకు సులువుగా లొంగిపోతుంది. టేకు కొనలేనివారు చేవదేరిన వేపను ఎంచుకోవచ్చు. ఏ కర్రయినా బాగా ఆరి ఉండాలి.

మేము చేసిన పొరపాటు ఒకటి చెబుతాం. ఒక వానాకాలం మా తలుపు ఉబ్బి ద్వారబంధానికి పట్టేసింది. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాం. వేసవి వచ్చేసరికి సందులోంచి వీధి కనబడింది! కర్ర తేమ పీల్చితే వెడల్పున ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. కాబట్టి తలుపు పట్టేస్తే ముందు బందుల మరలు బిగించి చూడాలి. అప్పటికీ పట్టేస్తుంటే, ఎండలు వచ్చేవరకు ఆగాలి.

అసలు లోపం వేరేచోట ఉంది. ముందువైపు నిగనిగలాడే వార్నిష్ వేయించి, కంటికి కనబడని పై అంచును, అడుగు అంచును వదిలేశాం. నిలువు చట్టాల కోత కొనలు అక్కడే ఉంటాయి. నీటిని ఎక్కువగా పీల్చేవి అవే. అందుకే తలుపు బిగించకముందే అన్ని అంచులకూ పూత వేయించాలి. ఏటా వానలకు ముందు, పూత పోయినచోట గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయాలి. గడప కడిగిన నీరు తలుపు కింద నిలవకూడదు.

ఒక డబ్బా వార్నిష్‌కు వెనుకాడితే, చివరకు తలుపే మార్చవలసి వస్తుంది.