పాటలపెట్టె ఎందుకు నీరసించింది?

మిరపకాయలు ఆరే రోజుల్లో జగ్గయ్యపేట పక్క పల్లెల్లో కల్లం కాపలాకు వెళ్ళేవారికి చిన్న బ్లూటూత్ స్పీకరే తోడు. మా పదో తరగతి కుర్రాడొకడు అలాంటిదే బడికి తెచ్చాడు.

"కొత్తలో నాలుగు గంటలు పాడేది మాస్టారూ. ఏడాది తిరిగేసరికి గంట కూడా పాడటం లేదు. రెండు రోజుల కూలి డబ్బు పెట్టి కొన్నాడు నాన్న" అన్నాడు. రోజూ పాటలు వినే పాడుచేశావని ఇంట్లో కోప్పడ్డారట! తప్పు పాటలదేనా? విచారిద్దాం.

పెట్టె అడుగున 1200 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.7 వోల్టులు అని ఉంది. (చౌక పెట్టెలమీద ఈ అంకె ఎక్కువ చేసి వేయడమూ కద్దు.) 1.2ను 3.7తో గుణించండి. 4.44 వాట్ గంటలు వస్తుంది. స్పీకరు సగటున ఒక వాట్ వాడుకుంటే నాలుగు గంటల పైచిలుకు పాడాలి. కనుక కొత్తలో లెక్క సరిగానే ఉంది.

లోపలిది లిథియం అయాన్ ఘటం. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ధనధ్రువం నుండి గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. పాడేటప్పుడు వెనక్కి వస్తాయి. ఈ రాకపోకల్లో గ్రాఫైట్‌పై ఒక సన్నని పొర ఏర్పడుతుంది. మన మెట్ట ప్రాంతపు నీళ్ళు కాచే గిన్నెకు తెల్లని పొర పట్టడం చూశారుగా, అలాగే ఇదీ క్రమంగా మందమవుతుంది. అందులో చిక్కుకున్న లిథియం ఇక పనికిరాదు.

మంచి ఘటం 300 నుండి 500 సార్లు ఛార్జి చేశాక కూడా దాదాపు 80 శాతం శక్తిని నిలుపుకుంటుంది. అంటే రోజూ విన్నా, ఏడాదికి మూడు గంటలైనా పాడాలి. మిగతా రెండు గంటలూ ఏమైనట్లు?

"పగలు ఎక్కడ పెడతావు?" అని అడిగాను. రేకుల గదిలో, ఛార్జరు తీయకుండానట! వేసవిలో నందిగామలో నీడపట్టునే 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. రేకుల కింద సంగతి వేరే చెప్పాలా? నిండుగా ఛార్జి ఉన్న ఘటాన్ని 40 డిగ్రీల వద్ద ఏడాది ఊరికే ఉంచినా సుమారు 35 శాతం శక్తి పోతుంది. అదే 40 శాతం ఛార్జితో ఉంచితే నష్టం 15 శాతమే. వేడి రసాయన చర్యలను వేగిరపరుస్తుంది. నిండు ఛార్జి దానికి తోడవుతుంది.

అన్నట్లు, ఆ స్పీకరు వెనక మూత కొంచెం ఉబ్బి ఉంది. లోపల వాయువు చేరిందన్నమాట. ఘటంలోని ద్రవం మండే గుణం కలది. అందుకే దాన్ని మళ్ళీ ఛార్జరుకు తగిలించనివ్వలేదు. ఉబ్బిన ఘటాన్ని నొక్కకండి, గుచ్చకండి, చెత్తలో వేయకండి. పెద్దలచేత బాగుచేసే దుకాణానికి పంపండి.

మీ ఇంట్లో మంచి స్పీకరు ఉంటే ఒక ప్రయోగం చేయండి. నెలకొకసారి నిండా ఛార్జి చేసి, అదే పాటను అంతే శబ్దంతో ఆగేదాకా పాడించి, గంటలు రాసి గ్రాఫు గీయండి. గీత మే నెలలో ఎలా వంగుతుందో చూడండి.