ఇంటి భాషే తొలి పాఠం

మన ఇళ్లలో చాలాచోట్ల ఉర్దూ, అంగన్‌వాడీలో తెలుగు. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయని కొందరు తల్లిదండ్రులు ఇంట్లో ఉర్దూ మానేస్తున్నారు. ఆ భయం అక్కర్లేదు. అమ్మకు బాగా వచ్చిన భాషలో ఎక్కువ మాటలు వినడమే బిడ్డకు మేలు.

రోజూ చేయదగినవి:

1. బిడ్డ "పానీ" అంటే, "ఠండా పానీ హోనా?" అని మాటలు కలిపి పలకండి.
2. ప్రశ్న అడిగాక, మనసులో అయిదు లెక్కపెట్టే వరకు ఆగండి.
3. కూరగాయల సంచిలోంచి ఒక్కొక్కటి తీయిస్తూ పేరు, రంగు చెప్పించండి.
4. రాత్రి చెప్పిన కథను మర్నాడు బిడ్డతో చెప్పించండి. తప్పు పలికితే కసరకండి. మీరు సరిగా పలికి వినిపిస్తే చాలు.

సాధారణంగా ఏడాదికి తొలి మాటలు వస్తాయి. రెండేళ్లకు "అమ్మీ ఆవ్" అన్నట్టు రెండు మాటలు కలుపుతారు. రెండేళ్లు నిండినా కలపకపోతే "వస్తాయిలే" అని ఊరుకోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలలోనే పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతాయి.

దాతలకు మనవి: పలకలు, బొమ్మలతోపాటు, బిడ్డను పరీక్షకు తీసుకెళ్లే తల్లికి బస్సు ఛార్జీ, ఆ రోజు పోయే కూలి ఇవ్వడమూ చదువుకు చేసే సాయమే.