మద్యం కేసు లెక్క: 750 మి.లీ. ఎలా వచ్చింది?

మద్యం వర్తకంలో కేసు అంటే 12 సీసాలు. సీసాకు 750 మి.లీ. చొప్పున కేసుకు 9 లీటర్లు. ప్రపంచ వ్యాప్తంగా స్పిరిట్ల అమ్మకాలను లెక్కకట్టేది ఈ 9 లీటర్ల కేసులలోనే. అయితే లీటరు పద్ధతిలోనే పుట్టిన కొలతయితే 500 అనో, 1000 అనో ఉండాలి. 750 ఎందుకు? సమాధానం పాత గ్యాలను లెక్కలో ఉంది.

బ్రిటన్‌లో 1824 చట్టంతో వచ్చిన ఇంపీరియల్ గ్యాలను సుమారు 4.546 లీటర్లు. అందులో ఆరో వంతు 757.7 మి.లీ. అమెరికా అంతకు ముందరి ఇంగ్లీషు వైను గ్యాలనునే నిలుపుకున్నది. అది 3.785 లీటర్లు, అందులో అయిదో వంతు 757 మి.లీ. గ్యాలన్లు వేరైనా సీసా దాదాపు ఒక్కటే. ఇంపీరియల్ కొలత ప్రకారం ఆరో వంతు సీసాలు పన్నెండయితే సరిగ్గా రెండు గ్యాలన్లు. సుంకం గ్యాలన్ల మీద పడే రోజులలో కేసులు లెక్కపెడితే సరకు పరిమాణం తేలిపోయేది.

అమెరికాలో వైనుకు 1979 జనవరి 1 నుంచి, స్పిరిట్లకు 1980 జనవరి 1 నుంచి మెట్రిక్ సీసాలు తప్పనిసరి అయ్యాయి. 757 మి.లీ. సీసా 750 అయింది. తగ్గినది ఒక శాతం లోపే. కాని 1,893 మి.లీ. ఉండే అర గ్యాలను స్థానంలో 1,750 మి.లీ. సీసా వచ్చింది. ఇక్కడ తగ్గుదల ఏడున్నర శాతం.

ఐరోపా దేశాలు వైనుకు 750 ఉంచి, స్పిరిట్లకు 700 మి.లీ. ఖాయం చేశాయి. స్పిరిట్లకు అనుమతించిన సైజులలో అక్కడ 750 లేదు. అమెరికాలో 2020 డిసెంబరు దాకా 700కు అనుమతి లేదు. దానితో స్కాచ్ తయారీదార్లు ఒకే సరకును రెండు రకాల సీసాలలో నింపవలసి వచ్చింది. ఒక మార్కెట్టులో మిగిలిన స్టాకును రెండో మార్కెట్టుకు మళ్లించే వీలు లేకపోయింది. పన్నెండు 700 మి.లీ. సీసాల కేసులు వెయ్యి కొంటే చేతికి వచ్చేది 8,400 లీటర్లు. అంటే 9 లీటర్ల కేసులు 933 మాత్రమే.

మన దేశంలోనూ ఇటువంటి తేడా ఉన్నది. 12 ఫుల్ సీసాలు 9 లీటర్లు. 375 మి.లీ. హాఫ్‌లు 24 అయినా 9 లీటర్లే. క్వార్టర్ మాత్రం 180 మి.లీ.; 750లో సరైన నాలుగో వంతు 187.5. కాబట్టి 48 క్వార్టర్ల కేసులో ఉండేది 8.64 లీటర్లు. 9 లీటర్లు పూర్తి కావాలంటే 50 క్వార్టర్లు కావాలి. ఫుల్ కేసు, క్వార్టర్ కేసు ఒకే ధరకు వస్తే, క్వార్టర్ సరకు లీటరుకు 4 శాతం పైచిలుకు ప్రియమైనట్లే.

కేసు ధరలు పోల్చే ముందు వాటిని లీటరు ధరలోకి మార్చుకోవడం క్షేమం. కేసు పేరు ఒకటే. అందులోని సరకు ఒకటి కాదు.