పంచాయతీ కార్యాలయములోని చెత్త

తడిచెత్తను, పొడిచెత్తను వేరుగా నీయవలెనని పంచాయతీవారు ఇంటింటికి చెప్పుచున్నారు. అట్లు చెప్పిన కార్యాలయము వెనుకనే కాగితములు, ప్లాస్టిక్ సంచులు, టీ కప్పులు ఒకే కుప్పగా మండుచుండినచో ఆ మాట వినువారెవరు? ఇట్టి కుప్పలను నేను పర్యటనలలో పలుమారులు చూచితిని. కావున ఈ పాఠమును వీథినుండి గాక కార్యాలయపు బల్లనుండియే ప్రారంభింతము.

మొదట టీ కప్పు సంగతి. సమావేశమునకు ఇరువదిమంది వచ్చి రెండుసార్లు టీ త్రాగినచో నలువది కప్పులు చెత్తలో చేరును. ప్లాస్టిక్ గ్లాసులను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించుటచే పలువురు కాగితపు కప్పులకు మారిరి. కాగితమే గదా, మట్టిలో కలియునని తలంచుట పొరపాటు. టీ కారకుండుటకు ఆ కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర యుండును. అందువలన అది ఎరువుగుంటలో పూర్తిగా చివుకదు. తక్కిన కాగితముతో కలిపి గుజ్జు చేయుటయు కష్టమే. వేడి పానీయము 15 నిమిషములు నిలిచినచో ఆ పొరనుండి వేలకొలది సూక్ష్మ ప్లాస్టిక్ కణములు విడివడునని ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో తెలిపిరి.

రెండు డజనుల స్టీలు గ్లాసులు కొనుట దీనికి ఉపాయము. కడుగువారెవరని ప్రశ్న వచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. ఊడ్చు మనిషి నెత్తిన ఈ పనిని ఊరక పడవేసినచో నెల తిరుగకముందే కాగితపు కప్పులు మరల వచ్చును. కప్పులకు పెట్టు సొమ్మునే లెక్కించి కడుగుటకు కూలిగా నీయుట మేలు. ఎవరి గ్లాసును వారు కడుగుకొన్నను సభ్యుల గౌరవమునకు లోటు లేదు.

కాగితమునకు పొడిగా నున్నంతవరకే ధర. టీ మడ్డి, అరటితొక్క తగిలినచో పాతకాగితములు కొనువాడును ముట్టడు. ఒకవైపు అచ్చయిన చిత్తుప్రతులను వెనుకవైపు లెక్కలకు వాడి, పిమ్మట గోనెసంచిలో వేయవలెను. అయితే రిజిస్టర్లు, రసీదు పుస్తకములు ఎంత పాతవైనను చిత్తుకాగితములు కావు. గడువు తీరి, తగిన అనుమతి వచ్చినగాని వానిని తూకమునకు వేయరాదు. ప్రజలిచ్చిన ఆధార్ నకళ్లలో అక్కరలేనివానిని ముక్కలుగా చింపనిదే బయటికి పంపరాదు. లేనిచో అవి అంగడిలో పొట్లములై పదిమంది చేతులలో పడును.

టీ మడ్డి, ఆకులు, పండ్ల తొక్కలు ఎరువుగుంటకే. వానపాముల తొట్టెలో వేసినచో రెండు నెలలలో మంచి ఎరువగును.

స్వాగతపు ఫ్లెక్సీ బ్యానరు మరియొక చిక్కు. 100 మైక్రానులకు తక్కువ మందము గల పి.వి.సి. బ్యానర్లు పై నిషేధములోనివే. మందమైనవి ఆ నిషేధములోనికి రాకున్నను, కాల్చినచో డయాక్సినులను విషములు వెలువడును. గుడ్డపై తేదీ లేకుండ వ్రాయించినచో అదే బ్యానరు ఏటేటికి పనికివచ్చును.

పాడైన ట్యూబులైటులో పాదరస ముండును. దానిని పగులగొట్టక అట్టపెట్టెలోనే నుంచి, బ్యాటరీలవలెనే విడిగా అప్పగింపవలెను. చెత్త యెత్తువారి చేతులకు తొడుగులున్నవో లేవో రాబోవు సమావేశమునాడు విచారింపుడు.