ఒక తల్లి ప్రశ్న

శరీరమునకు వచ్చు వ్యాధిని లోకము సులభముగనే గ్రహించును. చేయి విరిగినచో ఎముకలు కట్టువానిని పిలుతురు. జ్వరము తగిలినచో వైద్యుని ఆశ్రయింతురు. కాని ఒక బాలుని మనోవికాసము కుంటుపడినపుడు, లేక ఒకరి చిత్తము చెదరినపుడు లోకము వేరొక తీరుగా ఆలోచించును. దయ్యము సోకినదని కొందరు, పూర్వజన్మ పాపమని కొందరు, తల్లి పెంపకములో లోపమని మరికొందరు చెప్పుదురు. ఈ మాటలు రోగిని బాగుచేయవు సరికదా, అతని తలిదండ్రుల హృదయములను గాయపరచును. మెదడును శరీరములోని ఒక అవయవమే. దాని కణములకు కలుగు బాధలు మనోవికాసమును అడ్డగింపవచ్చునని విజ్ఞానశాస్త్రము క్రమక్రమముగా తెలిసికొన్నది. ఆ తెలివిడికి దారి చూపిన కథ యొకటి నార్వే దేశమున జరిగినది.

ఆ దేశమున ఒక దంపతులకు ఇరువురు బిడ్డలు కలిగిరి. పెద్దది బాలిక, చిన్నవాడు బాలుడు. పుట్టినపుడు ఇరువురును ఇతర శిశువులవలెనే యుండిరి. కాని నెలలు గడచినకొలది వారియందు ఎదుగుదల కానరాదాయెను. ఆరేండ్లు దాటినను బాలిక కొలది మాటలు మాత్రమే పలుకగలిగెడిది. బాలుడు నాలుగేండ్లవాడయ్యు మాటాడలేకుండెను, నడువలేకుండెను. ఆ తల్లి తన బిడ్డలను పెక్కుమంది వైద్యులకు చూపెను. "నా బిడ్డలు ఇట్లేల యైరి?" అని అందరిని అడిగెను. ఎవ్వరును సమాధానము చెప్పజాలరైరి. ఆమె మరియొక విషయమును గూడ గమనించెను. పిల్లలకు ఎంత శుభ్రముగా స్నానము చేయించినను, వారినుండి ముక్కవాసన వంటి వింత వాసన యొకటి వచ్చుచుండెడిది. ఆ మాటను వైద్యులు లెక్కచేయలేదు.

తుదకు 1934వ సంవత్సరమున ఆమె ప్రశ్న ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యునికడకు చేరెను. ఆయన 1888వ సంవత్సరమున జన్మించినవాడు. వైద్యమును, రసాయనశాస్త్రమును రెంటిని అభ్యసించినవాడు. ఆస్లో నగరమున పనిచేయుచుండెను. ఆయన ఆ తల్లి మాటను తోసివేయక, బిడ్డల మూత్రమును తెప్పించి పరీక్షించెను. మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు అను లవణద్రావణమును కలుపుట ఆనాటి వైద్యులకు వాడుకయైన పరీక్ష. తీవ్రమైన మధుమేహము గలవారి మూత్రమునకు దానివలన ఎరుపు చాయ వచ్చుచుండెను. ఈ బిడ్డల మూత్రము మాత్రము ముదురు ఆకుపచ్చగా మారెను. కొంతసేపటికి ఆ రంగు వెలసిపోయెను. అట్టి మార్పు ఫోలింగునకు క్రొత్త.

పిల్లలకిచ్చు మందుల వలన ఆ రంగు వచ్చినదేమో యని ఆయన మొదట సందేహించెను. మందులన్నియు మానిపించి మరల పరీక్షించెను. మరల ఆకుపచ్చ రంగే వచ్చెను. కావున కారణము బిడ్డల శరీరములోనే యున్నదని తేలెను. తల్లి మూత్రమును తెచ్చి యిచ్చుచుండ, సుమారు 20 లీటర్ల మూత్రమునుండి ఆయన వారముల తరబడి శ్రమించి ఒక పదార్థమును వేరుచేసెను. అది ఫినైల్ పైరువిక్ ఆమ్లము. ఆరోగ్యవంతుల మూత్రములో అట్లు కనబడని పదార్థమది.

ఇద్దరు బిడ్డలను చూచి సిద్ధాంతము చేయరాదని ఆయన యెరుగును. అందుచేత బుద్ధిమాంద్యము గల మరి 430 మంది మూత్రమును పరీక్షించెను. వారిలో ఎనమండుగురియందు అదే ఆకుపచ్చ రంగు కానవచ్చెను. బుద్ధిమాంద్యమునకు కారణములు పెక్కులనియు, వానిలో ఈ రసాయన లోపము ఒకటియనియు దీనివలన స్పష్టమాయెను. ఆ సంవత్సరముననే ఆయన తన పరిశోధనను ప్రకటించెను. ఆ వ్యాధికి తరువాత ఫినైల్‌కీటోన్యూరియా అను పేరు స్థిరపడినది.

ఈ వ్యాధి కలుగు విధమును ఇప్పుడు తెలిసికొందము. పాలు, పప్పు, మాంసము మొదలగు ఆహారములలో మాంసకృత్తులు కలవు. అవి జీర్ణమై ఎమైనో ఆమ్లములుగా విడిపోవును. వానిలో ఫినైల్ ఎలనైన్ ఒకటి. మన కాలేయ కణములలో ఒక ఎంజైము కలదు. అది శరీరమునకు వలసినదానికన్న ఎక్కువగా నున్న ఫినైల్ ఎలనైనును టైరోసిన్ అను మరియొక ఆమ్లముగా మార్చును. ఈ వ్యాధి గలవారిలో ఆ ఎంజైము సరిగా పనిచేయదు. చెరువునకు నీరు వచ్చుచునేయుండి, తూము మూసికొనిపోయినచో ఏమగును? నీరు పొంగి గట్టు తెంచుకొని పైరును ముంచివేయును. అట్లే ఫినైల్ ఎలనైన్ రక్తములో పేరుకొనిపోయి మెదడును చేరి, ఎదుగుచున్న కణములకు హాని చేయును. నాడీతంతువులపై ఏర్పడవలసిన పొర సరిగా ఏర్పడదు. పేరుకొన్నదానిలో కొంతభాగము రూపము మార్చుకొని మూత్రములో వెలువడును. ఆ తల్లి గమనించిన వాసనకును, ఫోలింగు చూచిన రంగునకును మూలమిదియే.

ఆ ఎంజైమును నిర్మించు విధము జన్యువులో నుండును. తల్లియొద్దనుండి ఒకటి, తండ్రియొద్దనుండి ఒకటి చొప్పున ప్రతి బిడ్డకును ఈ జన్యువులు రెండు సంక్రమించును. ఒకటి చెడినను రెండవది పని నడపును గనుక తలిదండ్రులు ఆరోగ్యముగనే యుందురు. రెండును చెడినవి వచ్చిన బిడ్డకే వ్యాధి కలుగును. అట్టి దంపతులకు పుట్టు ప్రతి బిడ్డకును ఈ వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. ఇందులో తల్లి తప్పుగాని తండ్రి తప్పుగాని ఏమియు లేదు. బలము కలుగునని ప్రేమతో త్రాపిన పాలే బిడ్డకు కీడు చేసినవని ఆ తల్లికి ఎట్లు తెలియును?

కారణము తెలిసినది, కాని చికిత్స వెంటనే లభింపలేదు. 1950 తరువాత ఇంగ్లండులోని బర్మింగ్‌హాం పిల్లల ఆసుపత్రిలో హార్స్ట్ బికెల్ అను వైద్యుడు రెండేండ్ల బాలిక యొకతెకు ఈ వ్యాధి యున్నదని గుర్తించెను. ఆ బాలిక నిలువలేదు, మాటాడలేదు, ఎల్లప్పుడును ఏడ్చుచు తల కొట్టుకొనుచుండెను. వ్యాధి పేరు చెప్పి ఊరకున్న చాలదని, చికిత్స చేయవలసినదని ఆమె తల్లి పట్టుపట్టెను. బికెలును ఆయన సహచరులును పాలలోని మాంసకృత్తులను విడగొట్టి, బొగ్గుపొడి సాయమున ఫినైల్ ఎలనైనును తొలగించి, ఒక ప్రత్యేకాహారమును సిద్ధపరచిరి. కొన్ని నెలలకు బాలిక ప్రాకసాగెను, నిలువసాగెను, ఏడుపు తగ్గెను, కన్నులలో కాంతి వచ్చెను. అది ఆహార ప్రభావమేనా యని తేల్చుకొనుటకు వారు తల్లికి తెలుపకయే ఆహారములో ఫినైల్ ఎలనైనును మరల కలిపిరి. బాలిక నేర్చినదెల్ల కోల్పోవసాగెను. తరువాత తల్లికి సంగతి చెప్పి, ఆమె అనుమతితో ఆసుపత్రిలో మరల పరీక్షించి నిర్ధారణ చేసికొనిరి. తలిదండ్రుల అనుమతి లేకుండ అట్టి పరీక్ష చేయుట నేడు తప్పుగా ఎంచబడును. 1953వ సంవత్సరమున ఈ ఫలితము ప్రకటింపబడినది.

అయినను మెదడు ఒకమారు దెబ్బతిన్న పిమ్మట పూర్తిగా కోలుకొనదు. కావున పుట్టిన కొలది దినములకే వ్యాధిని కనుగొనవలెను. ఈ పనిని అమెరికా దేశస్థుడైన రాబర్ట్ గత్రీ సాధించెను. ఆయన కుమారుడు బుద్ధిమాంద్యము గలవాడు. బంధువులలోని ఒక బాలికకు ఈ వ్యాధియే యుండెను. శిశువు మడమనుండి కొన్ని రక్తపు బొట్లు వడపోత కాగితముపై తీసి, సూక్ష్మజీవుల సాయమున ఫినైల్ ఎలనైనును గుర్తించు సులభమైన పరీక్షను ఆయన కల్పించెను. 1963వ సంవత్సరమున మాసచూసెట్సు రాష్ట్రము ఈ పరీక్షను చట్టముచే విధించినది. తరువాత అది పెక్కు దేశములకు వ్యాపించినది. నేడు ఈ వ్యాధితో పుట్టినను, తొలిదినములనుండి తగిన ఆహారము తీసికొను పిల్లలు తక్కినవారివలె చదువుకొని పెద్దవారగుచున్నారు.

అన్ని మనోవ్యాధులకు కారణము ఇంత సూటిగా దొరకదు. చిత్తచాంచల్యమును కల్పించు స్కిజోఫ్రీనియా అను వ్యాధికి సంబంధించిన స్థానములు మన జన్యురాశిలో 108 కలవని 2014వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఒక్కొక్కదాని ప్రభావము స్వల్పము. జీవన పరిస్థితులును వానితో చేరును. జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా 2007వ సంవత్సరమున మానవుని చర్మకణములను మూలకణములుగా మార్చి చూపిన పిదప, రోగి చర్మమునుండియే నాడీకణములను పెంచి పరిశీలించుట సాధ్యమైనది. ఫోలింగు గాజుగొట్టములో రంగును చూచినట్లే, నేటి పరిశోధకులు గాజుపళ్ళెములలో కణములను చూచి, అవి ఎచ్చట దారి తప్పుచున్నవో వెదకుచున్నారు.

నార్వేలోని ఆ తల్లి ప్రశ్నకు సమాధానము దొరకిన నాటికి ఆమె బిడ్డల మెదడు అప్పటికే చెడియుండెను. ఆ సమాధానము వారిని రక్షింపలేదు. కాని ఆమె అడుగుట మానియుండినచో, ఫోలింగు ఆమె మాటను అలక్ష్యము చేసియుండినచో, తరువాత పుట్టిన వేలకొలది బిడ్డలకు రక్షణ ఎంత ఆలస్యమై యుండెడిదో! మీ తరగతిలోనో, మీ వీధిలోనో తోడివారివలె మాటాడలేని బాలుడు కనబడినపుడు ఈ కథను స్మరింపుడు. అతనిని చూచి నవ్వకుడు. అతని తల్లిని నిందింపకుడు. అతని బాధకును ఒక కారణము కలదు. దానిని ఓర్పుతో వెదకువారు మీలోనుండియే రావచ్చును.